గడియారాల దేశంలో ఆగిన గడియారం

స్విట్జర్లాండు పేరు వినగానే మనవారికి మంచుకొండలు, చాక్లెట్లు, చేతి గడియారాలు జ్ఞాపకం వస్తాయి. వీటిలో గడియారాలకు పేరు తెచ్చిన పట్టణం జెనీవా. లెమాన్ అనే పెద్ద సరస్సు పడమటి కొనలో, రోన్ నది ఆ సరస్సును విడిచి బయలుదేరే చోట ఈ పట్టణమున్నది. దాదాపు అన్ని వైపులా ఫ్రాన్సు సరిహద్దే. ప్రజలు మాట్లాడేది ఫ్రెంచి భాష. సరస్సులోనుండి 140 మీటర్ల ఎత్తుకు ఎగసే నీటిధార ఎక్కడ నిలబడినా కనబడుతూనే ఉంటుంది. ఒడ్డున ఇంగ్లీషు తోట అనే ఉద్యానవనంలో 1955లో పూలమొక్కలతో ఒక గడియారాన్ని ఏర్పాటు చేశారు. దాని సెకన్ల ముల్లు పొడవే రెండున్నర మీటర్లు. ఋతువు మారినప్పుడల్లా మొక్కలు మారుస్తారు గాని, ముళ్లు మాత్రం ఆగవు.

ఇక్కడికి గడియారాల పని ఎలా వచ్చిందో తెలిసికొంటే మన సంఘాలవారికి ఆసక్తిగా ఉంటుంది. 1541లో జాన్ కాల్విన్ తిరిగి జెనీవాకు వచ్చిన తరువాత పట్టణంలో ఆడంబరాలకు, నగలకు అడ్డుకట్ట పడింది. కంసాలులకు పని తగ్గింది. అదే కాలంలోను, ఆ తరువాతను ఫ్రాన్సులో హింసలకు గురియైన ప్రొటెస్టంటులు వేలాదిగా ఇక్కడికి పారిపోయి వచ్చారు. వారిలో గడియారాలు చేయడం తెలిసినవారున్నారు. గడియారం అలంకారం కాదు, అక్కరకు వచ్చే వస్తువు కనుక దానికి అభ్యంతరం లేకపోయింది. నగలు చేసే చేతులు గడియారపు పెట్టెలు చేయడానికి అలవాటుపడ్డాయి. 1601 నాటికి గడియారాలు చేసేవారు తమకొక సంఘాన్ని ఏర్పరచుకున్నారు. కాందిశీకుల నైపుణ్యము, పనిలేక కూర్చున్న కంసాలుల నైపుణ్యము కలిసి ఒక దేశానికి నాలుగు వందల ఏండ్లుగా అన్నం పెడుతున్నాయి.

అటువంటి చోటికి వెళ్లినప్పుడు మా వారి చేతి వాచీ ఆగిపోయింది. ఆ ఆగినది ఎందుకో, మరల ఎలా నడిచిందో వ్రాస్తే, విదేశాలలోని పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆయనకు ఆ వాచీ ఎందుకు అవసరం

మా అమ్మాయి జెనీవాలో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నది. 2025 మార్చి రెండవ వారంలో మేమిద్దరం బాపట్ల దగ్గర మా పల్లెనుండి బయలుదేరి, హైదరాబాదులో విమానమెక్కి వెళ్లాము. అమ్మాయి ఉండేది ఒక్క గది ఇల్లు. అందుచేత రాత్రిళ్లు మేము దగ్గరలోని ఒక చిన్న అతిథిగృహంలో పడుకొనేవాళ్లం.

మా వారికి డెబ్బది దాటాయి. గుండె కొట్టుకోవడంలో తేడా ఉన్నందున, రక్తం గడ్డ కట్టకుండా ఒక మాత్ర ఇచ్చారు. ఉదయం ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి, మధ్య 12 గంటల ఎడం తప్పకూడదు. ఆయనకు చెవులు సరిగా వినబడవు. ఫోను జేబులో మ్రోగుతున్నా తెలియదు. అందుకని మా అబ్బాయి ఒక స్మార్ట్‌వాచీ కొనిచ్చాడు. మాత్ర వేళకు అది మణికట్టు మీద గజగజ వణుకుతుంది. ఎవరైనా ఫోను చేసినా వణుకుతుంది. నాడి ఎంత కొట్టుకుంటున్నదో చూపిస్తుంది. అది వైద్యునికి బదులు కాదు, కాని ఆయనకు చెవి వంటిది.

నా చేతికి ఉన్నది వేరు. నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు మా నాన్నగారు కొనిచ్చిన హెచ్‌ఎంటీ వాచీ. 1961లో బెంగళూరులో జపాను కంపెనీ సహాయంతో మొదలైన కర్మాగారంలో తయారైన రకం. పొద్దున్నే తల పట్టుకొని పది తిప్పులు తిప్పితే రోజంతా నడుస్తుంది. స్మార్ట్‌వాచీకి అలా కాదు. దానికి కరెంటు కావాలి, తగిన తీగ కావాలి, తగిన ప్లగ్గు కావాలి. పరదేశంలో ఈ మూడూ ఒకచోట దొరకడమే కష్టం.

గోడలోని గుంట

మొదటి రాత్రి తగిలిన చిక్కు ప్లగ్గుది. బయలుదేరేముందు ఒక దుకాణంలో, "యూరపు అంతటికీ ఇదే పనిచేస్తుందండీ" అని ఒక అడాప్టరు ఇచ్చారు. గుండ్రని లావుపాటి ముఖము, రెండు పిన్నులు. అది జర్మనీ, ఫ్రాన్సు దేశాలలో సరిపోయే రకం. స్విట్జర్లాండు గోడలలోని సాకెట్టు వేరు. ఆరు పలకల గుంట ఒకటి, దాని లోపల మూడు సన్నని కన్నాలు. మధ్య కన్నం మిగిలిన రెండింటి వరుసలో లేక కొంచెం పక్కకు జరిగి ఉంటుంది. లావుపాటి గుండ్రని ప్లగ్గు ఆ గుంటలో దూరదు. జెనీవా సరిహద్దు దాటి నాలుగు అడుగులు వేస్తే ఫ్రాన్సులో అదే ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది!

మన దేశపు ఫోను చార్జర్లకు సాధారణంగా రెండు సన్నని పిన్నులుంటాయి. అవి స్విస్ కన్నాలలో పడతాయి. అయితే చార్జరు ఒళ్లు లావైతే అది గుంట అంచులకు తగిలి, పిన్నులు పూర్తిగా లోపలికి పోవు. మా వారి చార్జరు అటువంటిదే. సగం దూరి, ముట్టుకుంటే ఊగుతున్నది. అలా ఊగే ప్లగ్గును బలవంతంగా నొక్కకూడదు. నిప్పురవ్వలు వస్తాయి, ప్లగ్గు వేడెక్కుతుంది. మరునాడు అమ్మాయి స్విస్ ప్లగ్గుకు సరిపడే చిన్న అడాప్టరు తెచ్చింది. అక్కడి ఎలక్ట్రిక్ సామాను దుకాణాలలో తేలికగా దొరుకుతుంది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, కరెంటు వోల్టేజిని మార్చదు. స్విట్జర్లాండులో మనకున్నట్లే 230 వోల్టులు, 50 హెర్ట్‌జులు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్‌జులు. జపానులో 100 వోల్టులే. అయినా భయపడనక్కరలేదు. చార్జరు మీద చిన్న అక్షరాలతో ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉంటే అది ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. భూతద్దం పెట్టియైనా ఆ వరుస చదవండి. ఇస్త్రీపెట్టె, మిక్సీ, నీళ్లు కాచే కెటిలు వంటివాటి మీద సాధారణంగా ఆ వరుస ఉండదు. వాటిని అమెరికాకు మోసికొనిపోయి లాభం లేదు.

మరొక తేడా ఉన్నది. మన ఇండ్లలో ప్రతి సాకెట్టుకు పక్కన స్విచ్చి ఉంటుంది. అక్కడ ఉండదు, ప్లగ్గు పెట్టగానే కరెంటు వస్తుంది. మనవారు స్విచ్చి కొరకు గోడంతా తడుముతారు. అయితే కొన్ని గదులలో దీపపు స్విచ్చి తోనే ఒక సాకెట్టు కూడ ఆరిపోతుంది. చాలా హోటళ్లలో తలుపు దగ్గర తాళపు కార్డును ఒక పెట్టెలో ఉంచితేనే గదికి కరెంటు వస్తుంది. కార్డు తీసికొని బయటికి వెళితే చార్జింగు ఆగిపోతుంది. కనుక వాచీని మనం గదిలో ఉన్న వేళనే పెట్టడం మేలు.

ఉద్యానవనంలో గంటన్నర

రెండవ రాత్రి ప్లగ్గు సరిగా కూర్చున్నది. వాచీని తీగకు అతికించి పడుకున్నాము. తెల్లవారి చూస్తే తెర నల్లగా ఉన్నది. నొక్కినా పలకలేదు. ఎనిమిది గంటల మాత్రను నేను నా వాచీ చూచి వేయించాను.

ఆ రోజు తొమ్మిదిన్నరకు మా వారు, "ఆ శిల్పాల గోడ దగ్గరకు వెళ్లి పదిన్నరకు వచ్చేస్తాను" అని బయలుదేరారు. అతిథిగృహానికి దగ్గరలోనే బాస్టియన్స్ ఉద్యానవనం ఉన్నది. అందులో సంస్కరణోద్యమ స్మారక గోడ ఉన్నది. కాల్విన్ పుట్టి నాలుగు వందల ఏండ్లు నిండిన 1909లో మొదలుపెట్టి 1917లో పూర్తి చేశారు. సుమారు వంద మీటర్ల పొడవు. మధ్యలో ఫారెల్, కాల్విన్, బేజా, నాక్స్ అనే నలుగురి నిలువెత్తు రాతి విగ్రహాలు, ఒక్కొక్కటి అయిదు మీటర్లు. గోడ మీద లాటిను భాషలో, చీకటి తరువాత వెలుగు అనే అర్థమిచ్చే పట్టణపు ధ్యేయవాక్యం చెక్కారు.

పదిన్నర అయింది, పదకొండైంది. ఫోను చేస్తే మ్రోగుతున్నది గాని తీయడం లేదు. అంతకుముందు రోజు వరకు ఇలా చేస్తే ఆయన చెయ్యి వణికేది, ఆయన ఫోను తీసేవారు. భాష తెలియని ఊరు, గుండెజబ్బు మనిషి. అమ్మాయికి చెప్పాను. అది తన పని వదలి ట్రాములో వచ్చింది. ఇద్దరం గోడ దగ్గరకు పరుగెత్తితే అక్కడ లేరు. తోటంతా వెదకి చివరకు ప్లాస్ నెవ్ వైపు గుమ్మం దగ్గర కనబడ్డారు. అక్కడ నేలమీద గీసిన పెద్ద చదరంగపు గళ్లున్నాయి. మోకాలెత్తు పావులను రెండు చేతులతో ఎత్తి నడిపిస్తూ ముసలివారు ఆడుతుంటారు. మా వారు వారి మధ్య నిలబడి, ఒకాయన గుర్రాన్ని ఎటు కదపాలో చేతితో సైగ చేస్తున్నారు.

"నాన్నా, ఎన్నిసార్లు ఫోను చేశామో తెలుసా?" అన్నది అమ్మాయి.

"రోజూ చెయ్యి చెప్పేదమ్మా. ఇవాళ చెయ్యి చెప్పలేదు" అన్నారాయన.

నాకు కోపమూ రాలేదు, నవ్వూ రాలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను.

వరుసగా వెదకడం

ఆ సాయంత్రం అమ్మాయి వాచీని బల్లమీద పెట్టుకొని కూర్చున్నది. పరిశోధన చేసే పిల్ల గనుక ఒక పద్ధతి పెట్టుకున్నది. అన్నిటినీ ఒకేసారి మార్చకుండా ఒక్కొక్కటే మార్చి చూడడం. ఈ వరుస అందరూ జ్ఞాపకముంచుకోదగినది.

మొదట గోడ సాకెట్టు. అందులో దీపం పెట్టి చూచింది, వెలిగింది. రెండవది చార్జరు. దానికి ఫోను తగిలించింది, ఫోను చార్జి అయింది. మూడవది తీగ. వంగిన చోటగాని తెగిన చోటగాని ఏమీ కనబడలేదు. ఆ తీగను మరొక చార్జరుకు తగిలించి చూచింది, అయినా వాచీ పలకలేదు. నాలుగవది వాచీ వెనుకవైపు. అక్కడ దొరికింది దోషం.

ఈ వాచీలు రెండు రకాలుగా చార్జి అవుతాయి. ఒక రకానికి వాచీ వీపున రెండు గాని నాలుగు గాని చిన్న లోహపు చుక్కలుంటాయి. తీగ చివర అయస్కాంతము, స్ప్రింగు పిన్నులు ఉంటాయి. పిన్నులు చుక్కలకు తగిలితేనే కరెంటు పారుతుంది. రెండవ రకానికి చుక్కలుండవు. గుండ్రని బిళ్ల మీద వాచీని ఉంచితే చాలు. బిళ్ల లోపల ఒక తీగచుట్ట, వాచీ లోపల మరొక తీగచుట్ట ఉంటాయి. ఒకదానిలో మారుతూ పారే కరెంటు వలన పుట్టిన అయస్కాంత బలం రెండవదానిలో కరెంటు పుట్టిస్తుంది. మన ఊరి చివర స్తంభం మీదనున్న ట్రాన్స్‌ఫార్మరు పనిచేసే సూత్రమే. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టినది.

మా వారిది మొదటి రకం. జెనీవాలో బయట చలి, గదిలో హీటరు. చర్మం పొడిబారి పగులుతుంటే ఆయన పూటపూటా చేతులకు కొబ్బరినూనె, వ్యాసెలిను రాసుకొనేవారు. ఆ జిడ్డు, చెమట ఉప్పు కలిసి లోహపు చుక్కల మీద పొరలాగ పట్టింది. అయస్కాంతం అతుక్కుంటున్నది గనుక చార్జి అవుతున్నట్లే కనబడుతున్నది. కాని పిన్నులు లోహాన్ని తాకడం లేదు.

అమ్మాయి మెత్తని పొడిగుడ్డతో తుడిచింది. తరువాత చెవి పుల్ల చివర దూదికి కొంచెం స్పిరిటు అద్ది చుక్కలను, తీగ పిన్నులను తుడిచి ఆరనిచ్చింది. బ్లేడుతోగాని సూదితోగాని గీకకూడదు. గీకితే పైపూత పోయి తుప్పు పడుతుంది. తరువాత తీగను సరిగ్గా అతికించి వదిలేసింది. వెంటనే ఏమీ కనబడలేదు. "పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీకి కొంచెం సమయం ఇవ్వాలమ్మా" అన్నది. ఇరువది నిమిషాలకు తెరమీద చిన్న బ్యాటరీ బొమ్మ వచ్చింది. రాత్రి ఎనిమిదికి ఆయన చెయ్యి మరల వణికింది.

ఇవన్నీ చేసినా పలకకపోతే ఇంకొక ఉపాయమున్నది. తీగ తగిలించి ఉంచి, పక్క బొత్తాన్ని పది పదిహేను సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలా వాచీలు తిరిగి మొదలవుతాయి. రెండవ రకం వాచీ అయితే బిళ్ల మీద అంటించివచ్చిన పలుచని ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి. వాచీకి తొడిగిన కవరు గాని, పట్టీ గాని అడ్డుపడి వాచీ చదునుగా ఆనకపోయినా చార్జి కాదు.

తీగ పోతే మాత్రం కష్టం. ఫోను తీగ ఎవరినడిగినా దొరుకుతుంది. చుక్కల రకం వాచీకి ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క కొలత. పరాయి ఊరిలో దొరకదు. అందుకని రెండు తీగలు తీసికొని, ఒకటి చేతిసంచిలో, ఒకటి పెట్టెలో ఉంచుకోవాలి. మరొక చిక్కు. ఇప్పటి కొత్త చార్జర్లకు సన్నని నోరు ఉంటుంది. అవతలి వస్తువునుండి తగిన గుర్తు అందితేగాని అవి కరెంటు వదలవు. చవక రకం వాచీ తీగలలో ఆ గుర్తునిచ్చే చిన్న భాగం ఉండకపోవచ్చు. అటువంటప్పుడు పాతకాలపు వెడల్పు నోటి చార్జరే మేలు. దానిని ఇంట్లో పారవేయకుండా వెంట తీసికొనిపొండి.

రైలులో పవర్‌బ్యాంకు

తరువాతి వారం అమ్మాయి మమ్ములను లా షో ద ఫాన్ అనే ఊరికి తీసికొనివెళ్లింది. మధ్యలో బండి మారి, సుమారు రెండు గంటల ప్రయాణం. ప్రతి స్టేషనులో ఒకే రకం గడియారం. తెల్లని ముఖం, నల్లని గీతలు, ఎర్రని సెకన్ల ముల్లు. 1944లో హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు రూపొందించాడు, ఎర్ర ముల్లు తరువాత 1953లో చేర్చారు. ఆ ముల్లు సుమారు యాభై ఎనిమిదిన్నర సెకన్లలోనే చుట్టు తిరిగి, పైన ఒక్క క్షణం ఆగి, నిమిషం గుర్తు అందగానే కదులుతుంది. దేశమంతటా అన్ని స్టేషన్లూ ఒకే నిమిషం చూపడానికి అది ఉపాయం. మా వారు బండి వచ్చే వరకు దానినే చూస్తూ నిలబడ్డారు.

బండిలో వాచీని పవర్‌బ్యాంకుకు తగిలించాము. ఒక నిమిషం చార్జి అయి ఆగిపోయింది. మరల నొక్కితే మరల ఒక నిమిషం. వాచీ పాడైందని మా వారు దిగులుపడ్డారు. దోషం వాచీది కాదు. ఫోను బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్ గంటలైతే వాచీది 300 ప్రాంతంలోనే ఉంటుంది. అది త్రాగే కరెంటు బహు స్వల్పం. తనకు ఏమీ తగిలించలేదనుకొని పవర్‌బ్యాంకు తనంతట తానే నిద్రపోతుంది. కొన్ని పవర్‌బ్యాంకులలో చిన్న వస్తువుల కొరకు ప్రత్యేకంగా ఒక పద్ధతి ఉంటుంది. బొత్తాన్ని రెండుసార్లు నొక్కడమో, కొంచెంసేపు పట్టి ఉంచడమో చేస్తే అది మొదలవుతుంది. అది లేనప్పుడు పక్కనే ఫోనును కూడ తగిలిస్తే చాలు. మేము అదే చేశాము, వాచీ ఆగకుండా నిండింది.

పవర్‌బ్యాంకును విమానంలో పెద్ద పెట్టెలో వేయనివ్వరు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. అనుమతి అడగకుండా తీసికొనివెళ్లగలిగినది 100 వాట్ గంటల వరకు, అనగా సుమారు 27,000 మిల్లీ ఆంపియర్ గంటలు. 2025నుండి కొన్ని విమాన సంస్థలు గాలిలో ఉండగా దానిని వాడవద్దని కూడ నియమం పెట్టాయి. అందువలన విమానమెక్కకముందే వాచీని నింపుకోవడం మంచిది.

రైతుల చేతిపని

లా షో ద ఫాన్ సముద్రమట్టానికి సుమారు వేయి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. మార్చిలో కూడ వీధుల ప్రక్కన మంచు గుట్టలుగా పడి ఉన్నది. ఈ కొండ ప్రాంతపు రైతులకు చలికాలంలో పొలం పని ఉండదు. పశువులు కొట్టంలో, మనుష్యులు ఇంట్లో. ఆ నెలలలో కిటికీ దగ్గర బల్ల వేసికొని ఒక కుటుంబం చక్రాలు, మరొక కుటుంబం స్ప్రింగులు చేసేవారు. వ్యాపారి వాటిని పోగుచేసి గడియారంగా కూర్చి అమ్మేవాడు. మన చీరాల ప్రాంతపు మగ్గాల ఇండ్లు నాకు జ్ఞాపకం వచ్చాయి.

1794లో అగ్నిప్రమాదంలో ఈ ఊరు చాలమట్టుకు కాలిపోయింది. తిరిగి కట్టినప్పుడు వీధులను తిన్నగా, సమానాంతరంగా వేశారు. సన్నని పనిచేసే ప్రతి ఇంటికి సూర్యుని వెలుగు అందాలన్న ఆలోచన ఈ ఊరి కట్టుబడిలో కనబడుతుంది. 2009లో దీనిని, పక్క ఊరు ల లోక్లను కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన చండీగఢ్ నగరానికి రూపకల్పన చేసిన లె కార్బూజియే 1887లో ఇక్కడే పుట్టాడు. ఆయన తండ్రి గడియారపు ముఖాలకు ఎనామెలు పూత వేసేవాడు.

ఇక్కడి గడియారాల మ్యూజియంలో ఎండ గడియారాలనుండి నేటివరకు వరుసగా చూపిస్తారు. 1969లో జపాను వారు బ్యాటరీతో నడిచే క్వార్ట్‌జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి తెచ్చిన తరువాత ఈ కొండల మీద ఎన్నో కర్మాగారాలు మూతపడ్డాయి, వేలాదిమంది పని పోగొట్టుకున్నారు. 1983లో చవకైన స్వాచ్ వాచీలతో స్విస్‌వారు మరల నిలదొక్కుకున్నారు. బ్యాటరీ మీద నడిచే వస్తువు ఒక జిల్లా జీవనాన్నే తలక్రిందులు చేసిన కథ అది.

మ్యూజియంనుండి వీధిలోకి వచ్చాక మా వారి వాచీ బ్యాటరీ చకచక పడిపోయింది. ఇది చలి వలన. లిథియం బ్యాటరీలు చలిలో తమ శక్తిని పూర్తిగా ఇవ్వలేవు. వెచ్చబడితే కొంత తిరిగి వస్తుంది. అందుకని వాచీని చొక్కా చేతి కింద ఒంటికి ఆనించి ఉంచాలి. గడ్డకట్టే చలిలో, అనగా సున్నా డిగ్రీలకు తక్కువలో దానిని చార్జి చేయకూడదు, బ్యాటరీకి శాశ్వతంగా హాని కలుగుతుంది. గదిలోకి వచ్చి, వాచీ వెచ్చబడి, తేమ ఆరిన తరువాతనే తీగ తగిలించాలి. ఎండ దేశాలలో దీనికి వ్యతిరేకం. గల్ఫు దేశాలలో కారు అద్దం దగ్గర వాచీ వేడెక్కితే తనంతట తానే చార్జింగు ఆపుకొంటుంది. నీడకు తెస్తే మరల మొదలవుతుంది.

మాత్రలవేళ, దేశకాలం

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది. చలికాలంలో స్విట్జర్లాండు మనకంటె నాలుగున్నర గంటలు వెనుక. వాచీ ఫోనును చూచి తనంతట తానే అక్కడి సమయానికి మారిపోతుంది. మనం ఎనిమిదికి పెట్టిన గంట అక్కడి ఎనిమిదికి మ్రోగుతుంది, అనగా మన పన్నెండున్నరకు. 12 గంటల ఎడం ఆ ఒక్కసారి పదహారున్నర గంటలవుతుంది. వాచీ చార్జి నిండుగా ఉన్నా ఈ తేడాను అది సరిచేయదు. అందుకని బయలుదేరకముందే మా డాక్టరుగారిని అడిగాము. ప్రయాణపు రోజున ఏ మాత్ర ఏ గంటకు వేసికోవాలో ఆయన కాగితం మీద వ్రాసిచ్చారు. ప్రతి మందుకు లెక్క వేరు గనుక ఎవరికి వారు తమ డాక్టరునే అడగాలి.

మార్చి నెల చివరి ఆదివారం తెల్లవారుజామున యూరపులో గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరుపుతారు. 2025లో అది మార్చి 30. మేము ఆ ఉదయం కాల్విన్ ఆడిటోరియంలో ఇంగ్లీషు ఆరాధనకు వెళ్లాలి. ఒకప్పుడు జాన్ నాక్స్ ఇంగ్లీషు కాందిశీకులకు ప్రసంగించిన మందిరమది. మా వారి వాచీ తానే మారింది. నా హెచ్‌ఎంటీని నేను రాత్రే ఒక గంట తిప్పి పడుకున్నాను. ఆ ఒక్క గంట గూర్చి కంగారు వద్దని డాక్టరుగారు ముందే చెప్పియున్నారు.

బయలుదేరేవారికి

పిల్లలు అమెరికాలో ఉంటే రెండు బల్లపరుపు పిన్నుల ప్లగ్గు కావాలి. ఇంగ్లండు, దుబాయి, కువైటు, సింగపూరులకు మూడు దీర్ఘచతురస్రపు పిన్నులది. ఆస్ట్రేలియాకు ఏటవాలు పిన్నులది. దేశం పేరు చెప్పి కొనండి, ఖండం పేరు చెప్పి కాదు. వెళ్లే వారం ముందు ఇంట్లోనే ఆ చార్జరుతో, ఆ తీగతో, ఆ పవర్‌బ్యాంకుతో ఒకసారి వాచీని నింపి చూడండి. ఎప్పుడూ వెలుగుతూ ఉండే తెరను ఆర్పివేసి, బ్యాటరీ పొదుపు పద్ధతిని పెడితే రెండవ రోజుకు కూడ మిగులుతుంది. వాచీ వీపును రెండు రోజులకొకసారి తుడవండి. విమానాశ్రయంలో ఎవరిదో తీగకు తగిలించేకంటె మీ చార్జరును గోడకు పెట్టుకోవడమే క్షేమం.

వీటితోపాటు మా వారి కోటు జేబులో ఆ ఉద్యానవనపు రోజునుండి ఒక అట్టముక్క ఉంటున్నది. మా అతిథిగృహం చిరునామా, అమ్మాయి ఫోను నంబరు, ఆయన వేసికొనే మందుల పేర్లు, అక్కడి అంబులెన్సు నంబరు 144, ఇవన్నీ అమ్మాయి ఫ్రెంచిలోను ఇంగ్లీషులోను పెద్ద అక్షరాలతో వ్రాసింది. దానికి చార్జింగు అక్కరలేదు. మిగిలిన రోజులన్నిటిలో ఆయన ఒంటరిగానే చదరంగం దగ్గరకు వెళ్లివచ్చారు. ఎప్పుడైనా పదిన్నర దాటితే నేను ఫోను చేసేదాన్ని. రెండవసారి మ్రోగేలోపు, "వస్తున్నా, ఇంకొక్క ఎత్తు" అనేవారు.